ఒక్క బీరు తాగి బండి నడిపినా కేసు అవుతుందా?

ప్రశ్న (ఒంగోలు నుండి): కావలిలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, రాత్రి జాతీయ రహదారి మీదుగా మోటారు సైకిలుపై తిరిగి వస్తున్న మా తమ్ముణ్ణి పోలీసులు ఆపి శ్వాస పరీక్ష చేయగా 42 అని చూపింది. ఒక్క బీరే తాగానని, తూలకుండానే నడిపానని వాడంటున్నాడు. పరిమితి ఎంతో, అక్కడికక్కడే చలానా కట్టి ముగించవచ్చునో దయచేసి తెలుపగలరు.

సమాధానం 1: అయ్యా, మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే, తూలినా తూలకపోయినా, అది నేరమే. శ్వాస పరీక్షలో చూపే అంకె ఈ కొలతలోనే ఉంటుంది కనుక మీ తమ్ముడి 42 పరిమితి దాటినట్టే. మొదటిసారికి 6 నెలల వరకు జైలు గానీ, 2019 సవరణ తరువాత 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధిస్తారు. మళ్ళీ దొరికితే జైలు 2 ఏళ్ళ వరకు, జరిమానా 15,000. ఇది రోడ్డు మీద రాజీ చేసుకునే నేరం కాదు కనుక కోర్టుకు హాజరు కావలసిందే. మజ్జిగ తాగితేనో, ఉల్లిపాయ నమిలితేనో రక్తంలోని ఆల్కహాలు తగ్గదు. దాన్ని కాలేయమే నెమ్మదిగా తొలగిస్తుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. బండి మా బావగారిది. ఆయనకూ ఇబ్బంది ఉంటుందా?

సమాధానం 2: తాగి ఉన్నాడని తెలిసీ తాళాలిచ్చి ప్రోత్సహించారని రుజువైతే 188వ సెక్షన్ కింద ఆయనకూ అదే శిక్ష వర్తిస్తుంది. పెళ్ళిళ్ళలో తాళాలు అందించే పెద్దలందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక. మీ తమ్ముడు క్షేమంగా ఇల్లు చేరినందుకు సంతోషం.