మిషిగన్ సరస్సు చుట్టూ తిండి యాత్ర: కారులో రైస్ కుక్కర్ ఉండాలా, వద్దా?

సరస్సుదారి:
అందరికీ నమస్కారం. మేము షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాం. జూలై చివరి వారంలో నేనూ మా ఆవిడా కారులో మిషిగన్ సరస్సు చుట్టి రావాలనుకుంటున్నాం. చూడడం కంటే తినడమే ముఖ్యం. అనుకున్న దారి ఇది: విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ, మేడిసన్, డోర్ కౌంటీ, అక్కడి నుంచి పైకెళ్లి మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులా, మాకినా వంతెన దాటి ట్రావర్స్ సిటీ, తిరిగి ఇల్లు. నేను గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటాను. తను శాకాహారి. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా కారులో పెట్టాలని తన పట్టు. తిండి కోసం వెళ్తూ ఇంటి తిండి మోయడం దేనికని నా పట్టు. మీరేమంటారు?

తిండిబాటసారి:
వద్దంటే వద్దు. కుక్కర్ కారెక్కిందంటే యాత్ర దిగిపోయినట్టే. మిల్వాకీలో ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి చెబుతున్నాను. మొదటి పూట కొత్త రుచి. రెండో పూట ‘తలనొప్పిగా ఉంది, గదిలోనే కాస్త అన్నం తినేద్దాం’. మూడో రోజు నుంచి ఏ ఊళ్లో ఉన్నా పప్పన్నమే. దానికి పెట్రోలు ఎందుకు?

మీ దారిలో ఏమున్నాయో తెలుసా? మిల్వాకీ రాకముందే రసీన్ అనే సరస్సు ఒడ్డు ఊరు వస్తుంది. డేనిష్ వలసవాళ్లు తెచ్చిన క్రింగిల్ అక్కడ తినాలి. వెన్న పట్టించిన పిండిని పల్చటి పొరలుగా మడిచి, లోపల పెకాన్ పప్పో చెర్రీయో పెట్టి పెద్ద చుట్టలా కాలుస్తారు. 2013లో విస్కాన్సిన్ దాన్ని రాష్ట్ర పేస్ట్రీగా ప్రకటించింది. మిల్వాకీలో శుక్రవారం సాయంత్రం ఫిష్ ఫ్రై. శుక్రవారం మాంసం మానేసే కాథలిక్కుల ఆచారం నుంచి వచ్చింది, ఇప్పుడు అన్ని మతాల వాళ్లూ వరుసలో నిలబడతారు.

ఇక డోర్ కౌంటీ ఫిష్ బాయిల్. ఆరుబయట కట్టెల మంట మీద పెద్ద గుండిగ. ఉప్పునీళ్లలో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, చివర్లో సరస్సు వైట్‌ఫిష్ ముక్కలు. ఉడికే సమయానికి మంట మీద కిరోసిన్ విసురుతారు. మంట భగ్గుమని, నీళ్లు పొంగి, పైన తేలిన చేప నూనె గుండిగ దాటి బయటికి పోతుంది. చేప మీద కరిగించిన వెన్న పోసి ఇస్తారు. ఆ తరువాత చెర్రీ పై. ఇది తిన్న నోటితో గదికి వెళ్లి కందిపొడి కలుపుకుంటారా?

గోదారిపులస:
చింతపండు లేదు, కారం లేదు, ఉప్పునీళ్లు, పైగా కిరోసిన్. ఆ చేప ఏ పాపం చేసిందండీ? ఆవకాయ సీసా తప్పకుండా పెట్టుకోండి.

తిండిబాటసారి:
కిరోసిన్ పడేది మంటలో, గుండిగలో కాదు. తినకుండా వెక్కిరించడం సులభం.

పెరుగన్నం:
తిండిబాటసారి గారూ, మీ జాబితాలో ఆ అమ్మాయి తినగలిగేవి ఏవో మళ్లీ చదివి చెప్పండి. క్రింగిల్. చెర్రీ పై. అంటే రెండు మిఠాయిలు. భోజనం మాటేమిటి? శుక్రవారం ఆయన చేప తింటుంటే ఆవిడ పక్కన క్యాబేజీ తురుము నములుతూ కూర్చోవాలా?

మిల్వాకీ, మేడిసన్ పెద్ద ఊళ్లు, ఏదో ఒకటి దొరుకుతుంది. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిది దాటితే వంటగదులు మూసేస్తారు. అప్పర్ పెనిన్సులాకు పేరు తెచ్చిన పాస్టీ, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు తెచ్చిన కజ్జికాయ లాంటి వంటకం, లోపల గొడ్డుమాంసం, బంగాళాదుంప, రుటబాగా దుంప. అక్కడ ఆవిడే కాదు, ఆయనా తినలేరు. కాబట్టి కుక్కర్ ఉండాలి. నేను అనుభవం మీద చెబుతున్నాను.

చిన్నక్షరాలు:
సరస్సుదారి గారూ, ముందు ఒక విషయం తేలాలి. మీ ఆవిడ గుడ్డు తింటారా? ఇది తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా వృథా. మిల్వాకీ ఫ్రోజెన్ కస్టర్డ్‌లో గుడ్డు పచ్చసొన ఉంటుంది. కనీసం 1.4 శాతం ఉంటేనే ఇక్కడ దాన్ని ఆ పేరుతో అమ్మనిస్తారు. ఐస్‌క్రీమ్ అనుకుని తినేవాళ్లు చాలామంది.

సరస్సుదారి:
కేకులో ఉంటే తింటుంది. ఆమ్లెట్ తినదు.

చిన్నక్షరాలు:
అంటే కనిపించని గుడ్డు పరవాలేదు. సరే. రెండోది, విస్కాన్సిన్ అంటే చీజ్. పాలు విరవడానికి వాడే రెనెట్ దూడ కడుపు నుంచి తీసినదా, కాదా అని ప్రతి చోటా అడగాలి.

మేడిసన్‌వాసి:
ప్రతి చోటా అడగనక్కరలేదు. రెనెట్‌లో పాలు విరిచే పదార్థం కైమోసిన్. సూక్ష్మజీవులతో తయారుచేసే కైమోసిన్‌ను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1990లోనే అనుమతించింది. ఇక్కడి చీజ్‌లో అధిక భాగం దానితోనే చేస్తారు. ఇటలీ పార్మిజానో రెజానో అయితే దూడ రెనెట్టే, అది మానుకోండి. శనివారం పొద్దున మేడిసన్‌లో ఉండేట్టు చూసుకోండి. రెండు సరస్సుల మధ్య సన్నటి నేల మీద శాసనసభ భవనం, దాని చుట్టూ రైతుల సంత. 1972 నుంచి నడుస్తోంది. అమ్మేవాళ్లే పండించి ఉండాలన్నది అక్కడి నియమం. తాజా చీజ్ కర్డ్స్, అంటే అప్పుడే విరిగిన చీజ్ ముక్కలు, పళ్ల కింద కిచకిచమంటాయి. ఒకటి రెండు రోజులు పాతబడితే ఆ చప్పుడు పోతుంది.

చిన్నక్షరాలు:
కర్డ్స్ వేయించి ఇస్తే? చాలా చోట్ల చేప వేయించిన నూనెలోనే వేయిస్తారు. ఇది అడిగారా?

తిండిబాటసారి:
చిన్నక్షరాలు గారూ, మీరు తినడానికి వెళ్తారా, దర్యాప్తుకు వెళ్తారా?

పెరుగన్నం:
అడగకపోతే ఎవరి నోట్లోకి పోతుంది, మీ నోట్లోకి కాదుగా. ‘అడగకండి’ అనేవాళ్లందరూ అన్నీ తినేవాళ్లే.

తిండిబాటసారి:
అలాగైతే నేనూ అనుభవమే చెబుతాను. ఒకప్పుడు నాలుగు కుటుంబాలం కలిసి ట్రావర్స్ సిటీ వెళ్లాం. చెర్రీలు కోతకు వచ్చిన కాలం. దేశంలో పులుపు చెర్రీల్లో సింహభాగం మిషిగన్ రాష్ట్రానిదే, ఆ చుట్టుపక్కల తోటలదే. దగ్గరలో లీలండ్ అనే ఊళ్లో పాత చెక్క పాకల్లో పొగబెట్టిన చేపలు అమ్ముతారు. అంత దూరం వెళ్లి మేము చేసిందేమిటి? ‘పిల్లలు అన్నం అడుగుతున్నారు’, ‘ఫలానావాళ్లు ఇవేమీ తినరు’ అని ప్రతి సాయంత్రం గదిలో అన్నం, చారు. లీలండ్‌కు వెళ్లనేలేదు. ఒకరి కోసం పదిమందీ సర్దుకోవాలి, ఎప్పుడూ ఒకే వైపు. అందుకే కుక్కర్ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పెరుగన్నం:
ఆ చారు ఎవరు పెట్టారో రాయలేదేం?

తిండిబాటసారి:
దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

పెరుగన్నం:
అంతా దానిలోనే ఉంది. నేనూ అలాంటి యాత్రలే చేశాను. పగలంతా కారులో కూర్చున్నది అందరం. గది చేరగానే మిగతావాళ్లు మంచాల మీద, నేను స్నానాల గది గట్టు మీద ఎలక్ట్రిక్ పొయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఒకసారి పోపు పొగకు గంట మోగింది. హోటల్ వాళ్లు గది శుభ్రానికని అదనంగా డబ్బు పట్టారు. ‘జాగ్రత్తగా వేయవచ్చు కదా’ అని మాట కూడా నాకే. నవ్వు వచ్చేదేమిటంటే, చేపలూ చికెనూ కడుపునిండా తిని వచ్చినవాళ్లే ‘వేడిగా చారన్నం ఉంటే బాగుండు’ అనేవాళ్లు. శాకాహారిని నేనే, కానీ అన్నం ఖర్చయ్యేది వాళ్ల కంచాల్లోనే.

కొత్తసభ్యురాలు:
అక్షరాలా మా ఇంట్లో జరిగినట్టే ఉంది.

తిండిబాటసారి:
మరి అంత బాధ పడినవారు కుక్కర్ తీసుకెళ్లమని ఎలా చెబుతారు? వద్దనే కదా నేనంటున్నది! మీరు నా వాదనే బలపరుస్తున్నారు.

పెరుగన్నం:
కాదు. కుక్కర్ లేకపోతే నాకు ఆకలి, ఉంటే నాకు చాకిరీ. రెండిట్లోనూ మీ పూట సుఖంగానే గడుస్తుంది. సరస్సుదారి గారు అడగవలసిన ప్రశ్న కారులో కుక్కర్ పట్టేనా అని కాదు. ఆ కుక్కర్ మీట నొక్కేది ఎవరు, గిన్నె కడిగేది ఎవరు? ఆయన చేస్తానంటే కుక్కర్ పెట్టమనండి. చేయనంటే ఆవిడ తినగలిగిన ఊళ్లే దారిలో ఉంచమనండి. ఫిష్ బాయిల్ చూడముచ్చటగా ఉంటే నిలబడి చూస్తుంది, దానికేం.

గోదారిపులస:
బియ్యం కడగడానికి కూడా చర్చా వేదిక కావలసి వచ్చింది.

తిండిబాటసారి:
మీరు అనుకున్నట్టు నేను అందరి చేతా చాకిరీ చేయించుకునే మనిషిని కాను. మా ఇంట్లో వంట సగం నాదే. కానీ ఇది కూడా వినండి. నా భార్యా శాకాహారే. ఎన్నో శుక్రవారాలు ఆవిడ ఎదురుగా కూర్చుని నేను ఒక్కడినే చేప తిన్నాను. ఆవిడ ఒక్క మాట అనదు. ముక్కు దగ్గర రుమాలు మాత్రం పెట్టుకుంటుంది. ఎదుటి మనిషి ఎప్పుడు ముగిస్తావా అని చూస్తుంటే ఏ చేప రుచిస్తుంది? కొత్త ఊళ్లో ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి తిని ‘బాగుంది కదూ’ అనుకోవడం నాకు ఇంతవరకూ లేదు. కుక్కర్ వస్తే ఆ కాస్త అవకాశమూ పోతుంది. ఆవిడ గదిలో తిని వస్తుంది, నేను బయట ఒక్కడినే.

పెరుగన్నం:
ఆ మాట మొదటే అనవలసింది. ఇంతసేపూ కుక్కర్‌ను తిట్టారు. సరే, ఒకే పళ్లెం కావాలంటే ఇద్దరూ తినేది వెతకండి. ఆవిడ చేప దాకా రాలేదు, మీరు కూర దాకా రావచ్చు కదా. ఎంతమంది మాంసాహారులు యాత్రలో ఒక్క పూటైనా శాకాహారం అడిగి తెప్పించుకుంటారు?

తిండిబాటసారి:
డోర్ కౌంటీకి వెళ్లి కూర తినమంటారు!

పెరుగన్నం:
డోర్ కౌంటీలో పైకప్పు మీద మేకలు మేసే స్వీడిష్ హోటల్ ఉంది, సిస్టర్ బేలో. అక్కడ పల్చటి పాన్‌కేకులు, లింగన్‌బెర్రీ పండ్లతో. గుడ్డు కనిపించదు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినండి. నేను ఊరికే అనడం లేదు, తిన్నాను.

నిర్వాహకుడు:
స్వరం కాస్త తగ్గించండి. సరస్సుదారి గారికి పనికొచ్చే మాట చెప్పండి.

మేడిసన్‌వాసి:
పనికొచ్చే మాటే చెబుతాను. మీ దారిలో చిక్కంతా ఉత్తరపు ముక్కలోనే ఉంది. డోర్ కౌంటీ నుంచి మాకినా వంతెన దాకా దాదాపు ఒక పగలంతా కారులోనే, మధ్యలో మీ ఇద్దరికీ తిండి తక్కువ. దాని బదులు డోర్ కౌంటీ నుంచి దిగి మానిటొవాక్‌లో బ్యాడ్జర్ ఓడ ఎక్కండి. బొగ్గుతో నడిచే ఆవిరి ఓడ. కారుతో సహా సరస్సు అడ్డంగా దాటించి నాలుగు గంటల్లో లడింగ్టన్‌లో దించుతుంది. అక్కడి నుంచి ట్రావర్స్ సిటీ రెండు గంటల దారి. దిగాక గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి, లేకపోతే హోటళ్లు మూసే వేళకు చేరతారు. 2023 జూలైలో లడింగ్టన్ రేవు దెబ్బతిని ఆ ఏడాది మిగతా ప్రయాణాలన్నీ ఆగిపోయాయి, కాబట్టి టికెట్టు కొన్నాక కూడా బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.

తిండిబాటసారి:
మాకినా ద్వీపం వదిలేస్తారా? 1898 నుంచి కార్లు లేని ఊరు, గుర్రబ్బండ్లే. వీధంతా ఫడ్జ్ వాసన. అది శాకాహారమే!

పెరుగన్నం:
మళ్లీ మిఠాయే.

సరస్సుదారి:
అందరికీ కృతజ్ఞతలు. తనకు ఈ చర్చంతా చదివి వినిపించాను. కుక్కర్ అడిగింది తన కోసం కాదట. మూడో రోజుకల్లా నేను అన్నం లేదని చిరాకు పడతానట, అది పడలేక అడిగిందట. నేను ఒప్పుకోలేదు, ఇంకా వాదిస్తూనే ఉన్నాం. ప్రస్తుతానికి తేలింది ఇంతే: అప్పర్ పెనిన్సులా తీసేశాం, ఓడ టికెట్లు చూస్తున్నాం. ఫిష్ బాయిల్‌కు వెళ్తాం, ఆ పొద్దున మేకల హోటల్‌కు కూడా. కుక్కర్ కారులో ఉంటుంది, మీట నొక్కేది నేను. పోపు ఎవరూ వేయరు.

కొత్తసభ్యురాలు:
కందిపొడికి నెయ్యి మరిచిపోకండి.

తిండిబాటసారి:
ఆ కుక్కర్ డిక్కీలోనే అడుగున పెట్టండి, సామాన్లన్నీ దాని మీద పెట్టండి. తీయడానికి బద్ధకించాలి. మరొకటి, ఏ రోజు బయలుదేరుతున్నారు? మిల్వాకీలో శుక్రవారం రాత్రి, మేడిసన్‌లో శనివారం పొద్దున పడాలి. లేకపోతే రెండూ పోతాయి.

సరస్సుదారి:
సెలవు సోమవారం నుంచే దొరికిందండీ.

తిండిబాటసారి:
శుక్రవారం ఆఫీసు నుంచే బయలుదేరండి. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల లోపే. ఫిష్ ఫ్రైతో బంగాళాదుంప పాన్‌కేకులు ఇస్తారు, ఆపిల్ గుజ్జుతో. అవి ఆవిడ కూడా తినవచ్చు.

చిన్నక్షరాలు:
ఏ నూనెలో కాలుస్తారు?