ఉద్దానం కిడ్నీ డేటా: పేర్లు తీసేసి అందరికీ ఇచ్చేయొచ్చా?

ప్రశ్న:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంతవరకూ తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చి రక్తం, మూత్రం, బోరునీళ్లు పట్టుకెళ్లాయి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఆ లెక్కలన్నీ నెట్‌లో పెడితే ఇంకో పదిమంది పరిశోధిస్తారు కదా? దాచుకుంటే ఎవరికి లాభం?

జవాబు (ఉద్దానంలోని కవిటి మండలం నుంచి):
మా నాన్నకు డయాలసిస్ నడుస్తోంది. కారణం తేలాలని నాకు లేదా? కానీ పేరు తీసేస్తే మనిషి దొరకడనుకోకండి. 'ఇరవై మూడేళ్ల అమ్మాయి, జీడిపప్పు పని, క్రియాటినిన్ 2.4' అని మా ఊరి పేరు కింద ఒక్క వరుస ఉంటే చాలు. క్రియాటినిన్ అంటే కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది. ఆ వయసులో ఆ పనికి వెళ్లేవాళ్లు మా ఊళ్లో ఇద్దరే. ఆ పిల్లకు ఇక సంబంధం ఎవరు తెస్తారు?

1990ల్లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి, పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ మాత్రం ఉంచి పరిశోధనకు ఇచ్చారు. అప్పటికింకా చదువుకుంటున్న లటాన్యా స్వీనీ 20 డాలర్లకు కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొని, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. దొరికింది ఎవరో కాదు, గవర్నర్ విలియం వెల్డ్. ఆయన పుట్టినతేదీ ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురు, అందులో మగవాళ్లు ముగ్గురు, ఆ పిన్‌కోడ్‌లో ఆయన ఒక్కరే. మన ఓటర్ల జాబితాకైతే డబ్బు కూడా అక్కర్లేదు, వయసు, ఇంటి నంబరుతో సహా నెట్‌లోనే ఉంటుంది.

మరొకరు:
వయసు బదులు 20–29 అని, ఊరి బదులు మండలం అని వేస్తే సరిపోదా అండీ?

మళ్లీ కవిటి నుంచి:
మంచి మాటే గానీ, అక్కడే చిక్కుంది. అనుమానాల్లో నీళ్లు కూడా ఉన్నాయి. ఈ బోరుకీ ఆ బోరుకీ తేడా చూడాలంటే ఊరు, వీధి తెలియాలి. మండలమంతా కలిపేస్తే ఆ తేడా మాయమైపోతుంది. అందుకే వివరాలు చెరపొద్దు, నెట్‌లోనూ పెట్టొద్దు అంటాను. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నవాళ్లు ఒకచోట కూర్చుని, కాపీ బయటికి పోకుండా పని చేసుకోవాలి. 2023 డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది, నిజమే. అదీ ఊరికే కాదు, నిర్ణీత ప్రమాణాలు పాటించాలి, ఆ డేటాతో ఫలానా మనిషి మీద నిర్ణయాలు తీసుకోకూడదు.

ఇంకొకటి. మా నాన్న వేలిముద్ర వేసిన కాగితంలో 'ఈ పరిశోధన కోసం' అనే ఉంది. వేరేవాళ్లకు ఇవ్వాలనుకుంటే మళ్లీ ఇంటికొచ్చి అడగమనండి. ఆయన వద్దనరు.