పత్తిలో కంది వేస్తే యూరియా నిజంగా తగ్గుతుందా?

పెదనందిపాడు కుర్రోడు:
మాది 4 ఎకరాల నల్లరేగడి, అందులో 2 కౌలు. ఏటా పత్తే. పోయినేడు అక్టోబరు వానకి కాయ కుళ్లి, మిగిలినదానికి గులాబీ పురుగు పడి, కౌలు డబ్బులు చేతి నుంచి కట్టాం. ఈసారి మధ్యలో కంది వేద్దామంటే నాన్న ఒప్పుకోవట్లేదు, పత్తి చెడుతుందంటాడు. ఊళ్లోకి వచ్చిన ఒకాయనేమో అంతరపంటతో కర్బన ఉద్గారాలు తగ్గుతాయి, దానికి డబ్బులొస్తాయి అని సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. వేసినవాళ్లు చెప్పండి.

మేడికొండూరు బాబాయ్:
మీ నాన్న మాట తీసెయ్యకు బాబూ. నేను మొదటిసారి రెండు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెట్టాను. నవంబరుకి కంది నా తల దాటి పెరిగింది. పక్క సాళ్లలో పత్తికి ఎండ తగలక పూత రాలింది. ఆ గుబురులోకి వెళ్లమంటే తీత కూలీలు పాము ఉంటుందని అడుగు పెట్టలేదు. మరుసటేడు ఆరు సాళ్లకి ఒకటి పెట్టాను, కుదిరింది. పత్తి ఒక్కటే ఉన్న చేలో ఎకరాకి 8 క్వింటాళ్లు తీశాను. కంది ఉన్న చేలో పత్తి 7, పైన కందులు క్వింటాలున్నర. వాన పత్తిని కొట్టిన ఏడు ఆ కందులే కాస్త ఆదుకున్నాయి.

విత్తనానికి రైజోబియం, అదే వేర్లలో నత్రజని పట్టే సూక్ష్మజీవి పొడి, పట్టించు. నలభై రోజులకి ఒక కంది మొక్క మెల్లగా తవ్వి తీసి, వేరు మీది బుడిపెని గోటితో చిదిమి చూడు. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజని పడుతున్నట్టే. అయితే అది ఆ ఏడు పత్తికి అందేది తక్కువ. రాలిన ఆకు, వేర్లు కుళ్లాక తర్వాతి పంటకి పనికొస్తుంది. కాబట్టి ముందు కంది సాళ్లకి పైపాటు యూరియా మానెయ్. పత్తికి తగ్గించడం మరుసటేడు చూసుకో.

నందిగామ లెక్కల మాస్టారు:
45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అందులో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుందని అంతర్జాతీయంగా వాడే లెక్క. ఆక్సిజన్ కలిసి వాయువయ్యేసరికి దాని బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వందేళ్ల మీద చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్‌కి 273 రెట్లు వేడి పుట్టిస్తుంది. అంటే బస్తాకి సుమారు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, యూరియా తయారీకి ఫ్యాక్టరీలో కాల్చిన గ్యాసు కాక. కంది వేసి కూడా బస్తాలు ఎప్పటిలాగే చల్లితే ఆ లెక్క కదలదు. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంకొకరితో చదివించుకోండి.

ఇంకోటి, పత్తిలో వెడల్పాకు కలుపుకి కొట్టే మందు కందిని కూడా మాడ్చేస్తుంది. మా బావమరిది ఒక్క సాయంత్రంలో కంది సాళ్లన్నీ పోగొట్టుకున్నాడు. గుంటక తోలుకోవాల్సిందే.

పెదనందిపాడు కుర్రోడు:
బాబాయ్, లాం పరిశోధన కేంద్రం వాళ్ల కంది రకం ఎల్.ఆర్.జి. 41 వేయొచ్చా?

మేడికొండూరు బాబాయ్:
వేయొచ్చు, కానీ దాదాపు ఆరు నెలల పంట. జనవరి దాకా చేను ఖాళీ అవదు. పత్తి పీకేసి మొక్కజొన్న వేసే ఆలోచనుంటే కుదరదు.

పెదనందిపాడు కుర్రోడు:
నాన్నకి చదివి వినిపించాను. సొంత రెండెకరాల్లో ఆరుకి ఒకటి వేసుకోమన్నాడు. కౌలు చేలో మాత్రం పత్తే. "ఈ ఏడు మనం బలం పెడితే, వచ్చే ఏడు ఆ చేను ఎవరు చేస్తారో" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.