మినిమా కంటే విజిబిలిటీ తక్కువని తెలిసి కూడా అప్రోచ్ మొదలుపెట్టొచ్చా?

సెస్నా182_డాలస్:
మా ఫ్లయింగ్ క్లబ్బులో ఒక పంచాయితీ నడుస్తోంది. మీ మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా. అమెరికాలో సొంత పనికి ఎగిరే మాలాంటి వాళ్లకు వర్తించేది పార్ట్ 91. ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వే దాకా దారి చూపే వ్యవస్థ) చార్టులో కనీసం అర మైలు విజిబిలిటీ కావాలని ఉంది, దీన్నే మినిమా అంటాం, ఎయిర్‌పోర్టు పావు మైలే అని రిపోర్టు ఇస్తోంది అనుకోండి. అయినా మేం అప్రోచ్ (ల్యాండింగ్ కోసం రన్‌వే వైపు దిగడం) మొదలుపెట్టొచ్చు. డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా, పైకి లేవాలా తేల్చుకోవాల్సిన ఎత్తు) దాకా దిగి చూడొచ్చు. లైట్లు కనపడి, మా కళ్లకు సరిపడా విజిబిలిటీ ఉంటే ల్యాండింగ్, లేదంటే మిస్డ్ అప్రోచ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచిపోవడం. దీన్నే ఇక్కడ 'లుక్-సీ' అంటారు. పార్ట్ 121 కింద నడిచే ఎయిర్‌లైన్లకు ఈ వీలు లేదు. రిపోర్టు మినిమా కంటే తక్కువుంటే వాళ్లు ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (ఆఖరి దిగుడు మొదలయ్యే చోటు) దాటకూడదు. క్లబ్బు విమానాలకూ అదే పెడదామని సేఫ్టీ కమిటీ పట్టుబడుతోంది. నేను వద్దంటున్నా. ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాటును మనమే ఎందుకు తెగ్గోసుకోవాలి?

శంషాబాద్_రైట్‌సీట్:
మా దగ్గర ఈ ప్రశ్నే రాదన్నా. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తన అనెక్స్ 6లో చెప్పేదీ, ఇండియాలో మేం పాటించేదీ ఒకటే: రిపోర్టయిన ఆర్‌వీఆర్ (రన్‌వే మీద ఎంత దూరం కనపడుతుందో చెప్పే కొలత) మినిమా కంటే తక్కువుంటే 1000 అడుగుల కిందికి అప్రోచ్ కొనసాగించకూడదు. 1000 దాటి దిగాక ఆర్‌వీఆర్ పడిపోతే మాత్రం డెసిషన్ హైట్ దాకా పోవచ్చు. యూరప్‌లో అయితే చిన్న ప్రైవేటు విమానాలకు కూడా ఈ నిషేధం ఉంది. మీ పార్ట్ 91 వాళ్లకే ఈ ప్రత్యేక మర్యాద!

డిసెంబర్‌లో ఢిల్లీ పైన హోల్డింగ్‌లో తిరుగుతున్నప్పుడు చెవులన్నీ ఆర్‌వీఆర్ మీదే ఉంటాయి. మామూలు ఐఎల్‌ఎస్ అప్రోచ్ అయిన కేటగిరీ 1కి 550 మీటర్లు కావాలి. ఇంకా తక్కువ విజిబిలిటీలో దిగే కేటగిరీ 2, 3కి విమానంతో పాటు మాకూ అనుమతి ఉండాలి, అది లేనప్పుడు టవర్ 500 అంటే ఇక మాటల్లేవు. కాక్‌పిట్‌లో కెప్టెన్‌తో నేను వాదించక్కర్లేదు, ఆయన నాకు నచ్చచెప్పక్కర్లేదు. దిగాలా వద్దా అన్నది పైనే, ఇంధనం చూసుకుని నిదానంగా తేలిపోతుంది. నాకు ఈ రూలు నచ్చేది అందుకే.

సెస్నా182_డాలస్:
తమ్ముడూ, ఢిల్లీలో రన్‌వే పొడుగునా టచ్‌డౌన్ దగ్గర, మధ్యలో, చివర్లో ఆర్‌వీఆర్ మీటర్లున్నాయి. మా కౌంటీ ఎయిర్‌పోర్టులో ఉన్నది గడ్డిలో పెట్టిన ఒకే ఒక్క ఏఎస్‌ఓఎస్, అంటే వాతావరణాన్ని తనంతట తనే కొలిచే యంత్రం. అదీ ఒక్కచోటే చూసి, గడిచిన 10 నిమిషాల సగటు చెబుతుంది. పొగమంచేమో ముక్కలుముక్కలుగా కదులుతుంటుంది. యంత్రం మీద మంచు కూర్చుని రన్‌వే తేటగా ఉన్న రోజులున్నాయి, దానికి తిరగేసిన రోజులూ ఉన్నాయి. అందుకేగా పార్ట్ 91లోని 91.175 రూలులో ల్యాండింగ్‌కి 'ఫ్లైట్ విజిబిలిటీ' అని రాసింది? అంటే పైలట్ తన సీట్లోంచి చూసింది, యంత్రం చూసింది కాదు.

ఇంధనం మాటా ముందే తేలిపోయింది. చేరే టైముకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా సీలింగ్ (మేఘాల అడుగు ఎత్తు) 2000 అడుగులు, విజిబిలిటీ 3 మైళ్లు ఉంటుందన్న సూచన లేకపోతే ఆల్టర్నేట్ (బదులు ఎయిర్‌పోర్టు) ఫైల్ చేయాల్సిందే. అక్కడికి పోయాక ఇంకో 45 నిమిషాలు ఎగరడానికి సరిపడా నింపుకోవాలి. మిస్డ్ అప్రోచ్ దారిలో కొండా స్తంభమూ తగలకుండా లెక్కగట్టి చార్టు గీశారు. చూసి వెనక్కి రావడంలో ప్రమాదమేముంది?

హుడ్‌గురువు_ఒహాయో:
ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి ఎగిరే అర్హత) నేర్పడమే నా పని కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

91.175లో అందరూ సగమే గుర్తుపెట్టుకునే మెలిక ఒకటుంది. డెసిషన్ ఆల్టిట్యూడ్ దగ్గర అప్రోచ్ లైట్లు (రన్‌వేకి ముందు ఉండేవి) మాత్రమే కనపడ్డాయనుకోండి. విజిబిలిటీ ఉంటే దిగడం కొనసాగించొచ్చు, కానీ టచ్‌డౌన్ జోన్‌కి (రన్‌వే మీద చక్రాలు తాకే భాగానికి) 100 అడుగుల ఎత్తు దాకానే. ఇంకా కిందికి పోవాలంటే ఆ లైట్లలోని ఎర్ర బార్లో, రన్‌వేకి సంబంధించిన గుర్తో, లైటో, ఏదో ఒకటి స్పష్టంగా కనపడాలి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో సాధారణంగా ఉండే ఎంఏఎల్‌ఎస్‌ఆర్ రకం అప్రోచ్ లైట్లలో ఎర్ర బార్లే ఉండవు. కాబట్టి 100 అడుగుల దగ్గర రన్‌వే కనపడాలి, లేదా పైకి లేవాలి.

డెసిషన్ ఆల్టిట్యూడ్ సాధారణంగా ఉండే 200 అడుగుల నుంచి 100కి ఎంతసేపనుకుంటున్నారు? 90 నాట్ల వేగంతో, 3 డిగ్రీల గ్లైడ్ స్లోప్ (దిగే వాలు) మీద దాదాపు 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో తల ఎత్తాలి, మంచులో తెల్లగా పరుచుకున్న వెలుగు లైట్లా కాదా తేల్చుకోవాలి, విజిబిలిటీ అర మైలుందో లేదో అంచనా కట్టాలి, స్పీడూ చూసుకోవాలి. ఒంటరి పైలట్‌కి ఇదంతా ఒక్క తలకాయే. లైట్లు మసగ్గా కనపడగానే చెయ్యి తనంతట తనే యోక్‌ని (స్టీరింగ్‌ని) ముందుకు తోస్తుంది, విమానం ముక్కు వంగుతుంది. పక్క సీట్లో కూర్చుని చూస్తుంటాను కదా, మంచి చెయ్యున్న స్టూడెంట్లకు కూడా ఇది జరుగుతుంది. రన్‌వే అంచుకి ముందే నేలకి తగిలేది ఇలాగే.

'వెనక్కి వస్తే సరి' అంటున్నారు. ఫుల్ పవర్ ఇచ్చిన క్షణాన విమానం దూసుకుపోతుంటే, బయట ఏమీ కనపడని చోట విమానం ముక్కు విపరీతంగా లేచిందని లోపలి చెవి అబద్ధం చెబుతుంది. దాన్ని నమ్మినవాడు ముక్కు కిందికి తోస్తాడు. మరి కరెన్సీ కోసం, అంటే ఇన్‌స్ట్రుమెంట్ల మీద ఎగిరే అర్హత చెల్లుబాటులో ఉండడానికి, రూలు అడిగేదేమిటి? 6 నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్, నావిగేషన్ కోర్సు పట్టుకుని వెళ్లడం. ఇవన్నీ సిమ్యులేటర్‌లో కూడా కానిచ్చేయొచ్చు. నిజమైన మేఘం చూడకుండానే కాగితం మీద కరెంట్ అయినవాళ్లు మీ క్లబ్బులో ఎంతమందో ముందు లెక్క తీయండి.

గౌలిగూడ_గాలిపటం:
నేను పైలట్‌ని కాను, ఊరికే ఇంట్రెస్టుతో చదువుతున్నా. వైఎస్ గారి హెలికాప్టర్ ప్రమాదం కూడా ఇలాంటిదేనా సార్?

హుడ్‌గురువు_ఒహాయో:
కాదండి. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి పోతున్న ఆ బెల్ 430 దారి మధ్యలో, నల్లమల మీద చెడు వాతావరణంలో చిక్కుకుంది. ఎయిర్‌పోర్టుకి అప్రోచ్‌లో లేదు. అక్కడి ప్రశ్న ముందుకు పోవాలా, వెనక్కి తిరగాలా అన్నది. ఇక్కడ మాట్లాడుతున్న రూలుకి దానితో సంబంధం లేదు.

శంషాబాద్_రైట్‌సీట్:
సరిగ్గా అతికే ఉదాహరణ స్మోలెన్స్క్. 2010 ఏప్రిల్ 10, పోలండ్ అధ్యక్షుడున్న టీయూ-154 విమానం. రష్యాలోని ఆ మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ మీద దట్టమైన పొగమంచు. విజిబిలిటీ 400 మీటర్లని సిబ్బందికి ముందే చెప్పారు, కావలసింది 1000. 'ఒకసారి దిగి చూద్దాం' అన్నారు. 96 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అప్రోచ్ బ్యాన్ కచ్చితంగా అమలై ఉంటే ఆ దిగడమే ఉండేది కాదు.

సెస్నా182_డాలస్:
ఆ కథలో మిగతా సగం కూడా చెప్పు మరి. అదే ఉదయం అదే మంచులో ఒక ఐఎల్-76 రెండుసార్లు వచ్చి చూసి, కుదరక వేరే ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయింది. అందరూ క్షేమం. నువ్వు తప్పంటున్న లుక్-సీ అంటే అదే కదా! టీయూ-154 వాళ్లు చచ్చింది చూడ్డానికి వచ్చినందుకు కాదు, ఆగాల్సిన ఎత్తులో ఆగనందుకు. ఉన్న రూలునే దాటిపోయినవాడు ఇంకో రూలుకి ఆగుతాడా?

శంషాబాద్_రైట్‌సీట్:
నువ్వూ ఒకటి వదిలేశావన్నా. వాళ్లకంటే ముందు పోలండ్‌దే యాక్-40 ఒకటి అదే మంచులో దిగిపోయింది. 'మీరూ ప్రయత్నించొచ్చు' అని టీయూ-154కి రేడియోలో చెప్పింది దాని సిబ్బందే. ముందు వాడు దిగాడని తెలిశాక, వెనక ముఖ్యమైన ప్రయాణికులున్నాక, ఆగాల్సిన ఎత్తులో ఆగడం ఎంత కష్టమో ఆలోచించు. 1000 అడుగుల పైన ఆ లాగుడు తక్కువ. చూడ్డానికని వచ్చినవాడు సగం దిగడానికే వస్తాడు.

బెజవాడ_బ్లూస్కై:
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. పార్ట్ 91 వాళ్లకి టేకాఫ్‌కి కూడా మినిమా లేదంటారు, నిజమేనా? అంటే ముందేమీ కనపడకపోయినా లేవొచ్చా?

హుడ్‌గురువు_ఒహాయో:
చట్టప్రకారం లేవొచ్చు. తెలివి ప్రకారం వద్దు.

అసలు సంగతికొస్తే, కమిటీ కోరుతున్న రూలు యథాతథంగా పెడితే దానికీ ఒక కన్నముంది. 2025 మే 22 తెల్లవారుజామున శాన్ డియాగోలో సైటేషన్ జెట్ ఒకటి మంచులో అప్రోచ్ చేస్తూ, రన్‌వేకి చాలా ముందే కరెంటు తీగలకు తగిలి ఇళ్ల మీద పడింది. విమానంలోని 6 మందీ పోయారు. అదీ పార్ట్ 91 ప్రయాణమే. ఆ ఎయిర్‌పోర్టులో వాతావరణం చెప్పే యంత్రం ఆ రోజు పనిచేయడం లేదు, అప్రోచ్ లైట్లూ అంతే. పైలట్‌కి అందింది పక్కనున్న మిరమార్ ఎయిర్‌ఫీల్డ్ రిపోర్టు. 'రిపోర్టు మినిమా కంటే తక్కువుంటే రావద్దు' అని మాత్రమే రాస్తే, సొంత రిపోర్టే లేని చోట ఏం చేయాలి? నిషేధం అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది అలాంటి చోటే.

సెస్నా182_డాలస్:
ఇది బాగుంది, కమిటీలో ఎవరికీ తట్టలేదు. అయితే నా ప్రతిపాదన రాసుకోండి. ఎయిర్‌పోర్టు సొంత రిపోర్టు లేకపోయినా, అప్రోచ్ లైట్లు పనిచేయకపోయినా, క్లబ్బు విమానం ఐఎంసీలో (బయట చూసి ఎగరలేని వాతావరణంలో) అక్కడికి అప్రోచ్ చేయకూడదు. రిపోర్టు ఉండి అది మినిమా కంటే తక్కువైతే ఒక్క ప్రయత్నమే. అదీ ఆటోపైలట్ పనిచేస్తుంటేనో, పక్క సీట్లో ఇంకో ఇన్‌స్ట్రుమెంట్ పైలట్ ఉంటేనో. మిస్డ్ అయితే నేరుగా ఆల్టర్నేట్‌కే. పూర్తి నిషేధానికి మాత్రం నేను ఒప్పుకోను.

శంషాబాద్_రైట్‌సీట్:
మొదటి ముక్కకి నా ఓటు. రెండోదానికి లేదు. పక్క సీట్లో ఉన్నది నీ ఫ్రెండే అయితే 'గో-అరౌండ్' (దిగొద్దు, పైకి లేపు) అని గట్టిగా అంటాడా?

హుడ్‌గురువు_ఒహాయో:
అనడు. కాబట్టి ఏ ఎత్తులో ఎవరు ఏ మాట అనాలో బ్రీఫింగ్‌లోనే తేల్చుకోవాలని కూడా అందులో చేర్చండి. ఆటోపైలట్ సంగతీ చూసుకోండి. గో-అరౌండ్ బటన్ నొక్కగానే విడిపోయే పాత మోడళ్లున్నాయి, సరిగ్గా చెవి అబద్ధమాడే ఆ క్షణంలోనే విమానం మీ చేతిలో పెట్టేస్తాయి. మీ 182లో ఉన్నది ఏ మోడలు?