బోటు ఇంజిన్ కూలర్‌కి అల్యూమినియం ట్యూబులు వేయించొచ్చా? పాతవి కుప్రోనికెల్

కాకినాడ బోటు:
అందరికీ నమస్తే. మా తమ్ముడి వేట బోటు ఇంజిన్‌లో హీట్ ఎక్స్ఛేంజర్ (సముద్రపు నీటితో కూలెంట్‌ని చల్లబరిచే కూలర్) ట్యూబులు చిల్లులు పడి ఉప్పునీళ్ళు కూలెంట్‌లోకి వచ్చేస్తున్నాయి. పాతవి 90-10 కుప్రోనికెల్ (దాదాపు 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్) అని మాన్యువల్‌లో ఉంది. వర్క్‌షాపు వాళ్ళేమో అల్యూమినియంవి వేస్తాం, ఖర్చు బాగా తగ్గుతుంది, వేడి కూడా ఇంకా బాగా లాగుతుంది అంటున్నారు. నెట్‌లో చూస్తే ఉష్ణవాహకత నిజంగానే అల్యూమినియానికి ఎక్కువ, బరువు చూస్తే మూడో వంతు కూడా లేదు. మరి ఇంజిన్ తయారుచేసినవాళ్ళు అంత ఖరీదైన లోహం ఎందుకు పెట్టినట్టు? వేట నిషేధం ముగిసేలోపు బోటు రెడీ కావాలి, తమ్ముడు ఒకటే టెన్షన్ పడుతున్నాడు.

లోహాల పిచ్చి:
మీరు చూసిన అంకెలు కరెక్టే. స్వచ్ఛమైన అల్యూమినియం ఉష్ణవాహకత 237 (వాట్/మీటర్-కెల్విన్) దాకా ఉంటుంది, 90-10ది 40-50 మధ్య. కానీ కూలర్‌లో ఆ తేడా దాదాపు కనబడదు, ఎందుకంటే వేడికి అసలు అడ్డం ట్యూబు గోడ కాదు, గోడకి రెండు పక్కలా అంటుకుని ఉండే నీటి పొరలు, పేరుకున్న పాచి. 1 మి.మీ. గోడతో మామూలు లెక్క వేసి చూడండి, మొత్తం అడ్డంకిలో కుప్రోనికెల్ గోడ వాటా నూటికి నాలుగైదు పాళ్ళే వస్తుంది. గోడని ఏ లోహంతో మార్చినా మిగిలేది ఆ కాస్తలోనే.

బలం కోసం వాడారా అంటే అదీ కాదు. బోట్ల బాడీలకి వాడే 5083 అల్యూమినియం ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే బలం) 215 మెగాపాస్కల్ పైనే, మెత్తబరిచిన 90-10ది అందులో సగం. కుప్రోనికెల్ పెట్టేది ఉప్పునీళ్ళ కోసం. రెండు లోహాలనీ కాపాడేది పైన ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొరే. అల్యూమినియం పొరని ఉప్పులోని క్లోరైడ్ అక్కడక్కడా ఛేదించి గుంతలు పెడుతుంది. మందపాటి బాడీ ప్లేటు దాన్ని ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది, పలచటి ట్యూబుకి ఒక్క గుంత చాలు, చిల్లే. 90-10లో 1 నుంచి 1.8 శాతం ఇనుము కావాలనే కలుపుతారు, దాంతో పొర నీటి వేగానికి లేచిపోకుండా పట్టుకుని ఉంటుంది. రాగి ఉంటుంది కాబట్టి గుల్లలు కూడా అంత తేలిగ్గా అతుక్కోవు.

హార్బర్ మెకానిక్:
అన్నా, ట్యూబులు దిగే ప్లేటు ఏ లోహమో ముందు చూడండి. చాలా కూలర్లకి అది రాగి మిశ్రమమే. దానికి అల్యూమినియం ట్యూబు తగిలించి మధ్యలో ఉప్పునీళ్ళు పారిస్తే అది బ్యాటరీ కిందే లెక్క, అందులో తినుకుపోయేది అల్యూమినియమే. నేరుగా తగలకపోయినా ప్రమాదమే, ఎగువన రాగి పైపు ఉంటే నీళ్ళతో వచ్చే కాస్త రాగి అల్యూమినియం మీద చేరి అక్కడే గుంత పెడుతుంది.

ఇంకో అనుమానం. వాళ్ళు చెప్పింది అల్యూమినియమా, అల్యూమినియం బ్రాసా? రెండోది పేరుకే అల్యూమినియం, నిజానికి 76-78 శాతం రాగి, మిగతాది దాదాపు జింకు, అల్యూమినియం 2 శాతమే. సముద్రపు నీటి కూలర్లకి ఎప్పటినుంచో వాడుతున్నదే.

రొయ్యల హేచరీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇది చదివి ఎవరైనా హేచరీ ట్యాంకు నీళ్ళకి కుప్రోనికెల్ పెడతారేమోనని రాస్తున్నా. పెట్టొద్దు. రాగి రొయ్య పిల్లలకి విషం. మాకు టైటానియమే, ఖరీదైనా సరే.

కాకినాడ బోటు:
మెకానిక్ గారూ, వెళ్ళి అడిగాను, పసుపు రంగు ట్యూబు చూపించారు. మీరన్నట్టు అల్యూమినియం బ్రాసే! ఇది వేయించొచ్చా? పక్క షాపులో తెల్లటి ట్యూబు చూపించి 90-10 అంటున్నారు, అది తీసుకోనా?

హార్బర్ మెకానిక్:
90-10 తెల్లగా ఉండదన్నా, లేత గులాబీ రంగు ఉంటుంది. పాత రూపాయి బిళ్ళలా తెల్లగా ఉంటే 70-30 కావొచ్చు, స్టీలు కూడా కావొచ్చు. టెస్ట్ సర్టిఫికెట్‌లో సీ70600 (90-10 గ్రేడు నంబరు) అని, నికెల్ 9-11 శాతం అని ఉంటేనే తీసుకోండి. దొరక్కపోతే బ్రాస్ వేయించేయండి, శుభ్రమైన నీళ్ళలో బాగానే నిలుస్తుంది, కాకపోతే ఆర్సెనిక్ కలిపినదేనా అని అడగండి, లేదంటే జింకు కరిగిపోయి ట్యూబు బోలుగా మిగులుతుంది.

ఏది వేసినా ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కట్టేసి ఉన్నప్పుడు కూలర్‌లో ఉప్పునీళ్ళు అలాగే వదిలేస్తున్నారు చాలామంది. నిలవ నీళ్ళు కుళ్ళి సల్ఫైడ్ పుడుతుంది, దాని ముందు కుప్రోనికెల్ పొర కూడా నిలవదు, మీ పాత ట్యూబులు పోయింది కూడా దీనివల్లే అయ్యుండొచ్చు. కట్టేసిన రోజే ఉప్పునీళ్ళు వంచేసి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి మూత పెట్టమనండి. మిగతా లోహం బదులు తాను తినుకుపోవడానికి కూలర్‌లో పెట్టే జింకు ముక్క సగం అరిగితే మార్చేయమనండి.