చిన్న చేపలైతే భయం లేదంటారు, నిజమేనా?

గాలపుముల్లు:
చేపల్లో భారలోహాలు (పాదరసం, సీసం, కాడ్మియం లాంటివి) అనగానే అందరూ ఒకటే సలహా ఇస్తారు: పెద్దవి మానేసి చిన్నవి తినండి అని. చెరువు, నది చేపలకు ఈ సలహా పనికిరాదని నా వాదన. పెద్ద చేపలో కండ ఒలుచుకుని తింటాం. చిన్నదాన్నైతే ముల్లుతో, ఒక్కోసారి పొట్టతో సహా నమిలేస్తాం. లోహాలన్నీ చేరేది అక్కడే కదా?

నీటిబొట్టు:
అక్కడే అని ఎవరన్నారండీ? పాదరసం ఉండేది కండలో. అడుగు బురదలో ఆక్సిజన్ అందని చోట కొన్ని బాక్టీరియాలు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది నాచులోకి, పురుగుల్లోకి, చిన్న చేపలోకి, దాన్ని మింగే పెద్ద చేపలోకి పోతూ ప్రతి మెట్టులోనూ పెరుగుతుంది. ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది కాబట్టి కడిగినా, కొవ్వు తీసేసినా, ఉడికించినా పోదు. మినమాటా (జపాన్‌లో పాదరసం చేరిన సముద్రపు చేపలు తిని జనం జబ్బుపడ్డ ఊరు) అంటే సముద్రం గొడవలే అని కొట్టిపారేస్తారు గానీ, 1965లో అదే జపాన్‌లో అగానో నది చేపలు తిన్నవాళ్లలో ఆ జబ్బే బయటపడింది. ఈ సలహా ఊరికే పుట్టలేదు.

గాలపుముల్లు:
పాదరసం వరకు ఒప్పుకుంటాను. సీసం, కాడ్మియం మాటేమిటి?

పరీక్షనాళిక:
మీరిద్దరూ వేర్వేరు లోహాలు పట్టుకుని వాదించుకుంటున్నారు. ఇద్దరిదీ సగం సగం నిజమే.

సీసాన్ని చేప ఒళ్లు కాల్షియం అనుకుని ముళ్లలో, పొలుసుల్లో దాచుకుంటుంది. కాడ్మియం కాలేయంలో, కిడ్నీలో చేరుతుంది. ఈ రెండూ పాదరసంలా మెట్లెక్కుతూ పెరగవు. కాబట్టి వీటి విషయంలో చేప సైజు కన్నా మనం తినే భాగం ముఖ్యం. అడుగున మేసే బెత్తెడు చేప పొట్ట చీల్చి చూడండి. పేగు నొక్కితే నల్లటి ముద్ద బయటికొస్తుంది. చేపను ముక్కలు చేయకుండా మొత్తంగా రుబ్బి పరీక్షిస్తే ఆ ముద్దలోని సీసం కూడా చేప ఖాతాలోనే పడుతుంది. అది ఒంట్లో చేరిన లోహం కాదు, మేసిన బురద. పేగు తీసేస్తే అది పోతుంది, ముల్లులోది పోదు.

ఇక పాదరసం లెక్క. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి కమిటీ మిథైల్ మెర్క్యురీకి పెట్టిన హద్దు శరీర బరువులో కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 96. చాలా దేశాల్లో చేపకున్న పరిమితి కిలోకు 0.5 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ గీత మీదున్న చేపను వారానికి 190 గ్రాములు తింటే చాలు, కోటా అయిపోతుంది! అదే 0.05 ఉన్న చేపైతే దాదాపు రెండు కిలోలు తినొచ్చు. అందుకే చిన్న చేప సలహాను నేను వదులుకోను. సీసానికి మాత్రం ఇలాంటి లెక్క వేయలేం. ఇంత వరకు ఫర్వాలేదని చెప్పలేమంటూ అదే కమిటీ 2010లో పాత హద్దును ఎత్తేసింది.

సందేహజీవి:
పరిశోధనల పట్టికల్లో సీసం కిలోకు 1.2 మిల్లీగ్రాములు అని కనిపిస్తుంది, పరిమితి చూస్తే 0.3. గుండె గుభేలుమనదా?

పరీక్షనాళిక:
పట్టిక కింద చిన్న అక్షరాలు చదివారా? ఆ 1.2 ఎండబెట్టిన కండలోదైతే, పచ్చి కండలో అయిదింట నాలుగొంతులు నీళ్లే కాబట్టి అసలు విలువ 0.24 చుట్టూ ఉంటుంది. పరిమితి పచ్చి బరువుకు పెట్టింది. ఈ ఒక్క పొరపాటుతో ఎన్ని భయాలు పుట్టాయో!

గాలపుముల్లు:
సరే, చేప సైజు సంగతి వదిలేద్దాం. ఫ్యాక్టరీలు లేని తేట నీళ్ల చేపైతే ఏ గొడవా ఉండదు కదా?

నీటిబొట్టు:
అలా అనుకోవద్దు. కొత్తగా జలాశయం కడితే మునిగిన చెట్లూ మట్టీ కుళ్లి ఆ బాక్టీరియాకు పండగ. కెనడా ఉత్తర ప్రాంత జలాశయాల్లో ఫ్యాక్టరీ ఛాయలు లేకపోయినా ఇతర చేపల్ని వేటాడి తినే చేపల్లో పెరిగిన పాదరసం మామూలు స్థాయికి దిగడానికి 20, 30 ఏళ్లు పట్టింది. నీళ్ల రంగు చూసి ఏమీ చెప్పలేం.

గాలపుముల్లు:
మరి తల? పేగులాగా మొప్పలకూ లోహం పడుతుందంటారు కదా?

పరీక్షనాళిక:
ఊపిరి కోసం నీళ్లు పారేదే వాటి గుండా, పట్టకుండా ఎలా ఉంటుంది? మొప్పలు పీకేసి మిగతా తల తినండి.