హ్యాండ్‌బాల్‌కు దేశంలో ఒకే సంఘం ఉండాలా, రెండున్నా తప్పేంటి?

సరూర్‌నగర్ నాన్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి హ్యాండ్‌బాల్ ఆడుతోంది. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆడి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ కోటా సీటుకు వెళితే, కౌంటర్ దగ్గరాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ‘ఇది ఏ సంఘం వాళ్లదండీ, గుర్తింపు ఉన్నదేనా?’ అన్నాడు. నాకేం తెలుసు? ముద్ర ఉంది, సంతకం ఉంది, అంతే. మన దగ్గరే ఇంకో సంఘం కూడా ఇవే పోటీలు పెడుతోందని ఆ రోజే తెలిసింది. ఐదేళ్లు పొద్దున్నే ఐదింటికి లేపి గ్రౌండ్‌కు తీసుకెళ్లినవాడిని, కడుపు మండి అడుగుతున్నా. ఒక ఆటకు ఒకే సంఘం అని గట్టిగా ఎందుకు చెప్పరు?

పాత గోలీ:
అన్నా, చెప్పకేం, చెప్పారు. అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య 1946లో పుట్టింది, ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. ఒక దేశానికి ఒక సంఘాన్నే అది సభ్యురాలిగా తీసుకుంటుంది. మనకు హ్యాండ్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1972 నుంచీ ఉంది. అయితే 2022 ప్రాంతంలో ఆ ఫెడరేషన్ ఒకవైపు, హ్యాండ్‌బాల్ అసోసియేషన్ ఇండియా అని ఇంకోటి ఒకవైపు నిలబడ్డాయి. పైన గోడ చీలితే కింద గదులన్నిటికీ బీటలే కదా.

సర్టిఫికెట్ సంగతి ఒకటే కాదు, ఆటకూ నష్టమే. దాడి చేయకుండా బంతిని ఊరికే తిప్పుతుంటే రెఫరీ చెయ్యెత్తుతాడు. ఆ తర్వాత ఆరు పాసుల్లో షాట్ కొట్టాలన్నది పాత రూలు. 2022లో దాన్ని నాలుగు చేశారు. ఇలాంటి మార్పు పైనుంచి ఒకే దారిలో రావాలి. లేకపోతే ఒక టోర్నీలో ఆరు, ఇంకోదాంట్లో నాలుగు. నేర్చుకునే పిల్లలు ఏం కావాలి?

అడ్డంగా మాట్లాడేవాడు:
నేను ఒప్పుకోను. ఒకే సంఘం అంటే ఒకే కొట్టు. సరుకు ఎలా ఉన్నా అక్కడే కొనాలి. మన హైదరాబాద్ సంగతే తీసుకోండి. 2007లో క్రికెట్ బోర్డుకు పోటీగా ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) వచ్చింది, అంబటి రాయుడు అందులో హైదరాబాద్ హీరోస్‌కు ఆడాడు. బోర్డు నిషేధం పెట్టింది, 2009లో క్షమించింది. ఈ మధ్యలో ఏం జరిగింది? 2008లో ఐపీఎల్ మొదలైంది. పోటీ కొట్టు తెరిచాకే పెద్ద కొట్టువాడికి చురుకు పుట్టిందని నా గట్టి నమ్మకం. హ్యాండ్‌బాల్‌లో యాభై ఏళ్లు ఒకే సంఘం ఉండి ఏం సాధించింది చెప్పండి. 2023లో ప్రీమియర్ లీగ్ పెట్టారు, తెలుగు టాలన్స్ అని టీమ్ కూడా ఉంది. కానీ మ్యాచ్‌లన్నీ జైపూర్‌లో! మన టీమ్‌ను మనం టీవీలో చూసుకున్నాం.

పీఈటీ మేడం:
తమ్ముడూ, రాయుడు తిరిగొచ్చి 2013లో దేశానికి ఆడాడు, అదృష్టవంతుడు. మధ్యలో పోయిన ఏళ్లు ఎవరిస్తారు? క్రికెట్‌లో డబ్బుంది, కొట్టుకున్నా మిగులుతుంది. మా ఆటలో బంతులకే కరువు. ఆడపిల్లలకు రెండో సైజు బంతి, మగపిల్లలకు మూడోది. నా దగ్గర రెండో సైజువి నాలుగున్నాయి, అందులో ఒకటి గుండ్రంగా లేదు.

రెండు సంఘాలుంటే ఏమవుతుందో హాకీలో చూశాం. పాత హాకీ ఫెడరేషన్ 2012లో వరల్డ్ సిరీస్ అని లీగ్ పెట్టింది, ఇంకో సంఘమైన హాకీ ఇండియా ఒప్పుకోలేదు. ఆ లీగ్‌కు వెళ్లినవాళ్లకు జాతీయ జట్టు తలుపు మూసుకుంది. సంఘాల మధ్య గొడవ ఎప్పుడూ ఆటగాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మా స్కూల్లో ఒక ఆదివారం రెండు చోట్ల సెలక్షన్లు పడ్డాయి. అక్కడికి పంపితే వీళ్లు అలుగుతారు, ఇక్కడికి పంపితే వాళ్లు. చివరికి పిల్లల్నే అడిగితే, ఏ గ్రౌండ్ ఇంటికి దగ్గరో అది చెప్పారు.

అడ్డంగా మాట్లాడేవాడు:
మేడం, ఆ బాధ నిజమే, కాదనను. ఉన్న ఒక్క సంఘమూ ఎన్నికలు సరిగ్గా పెట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలి? అది కూడా చెప్పండి.

కోఠి లాయర్:
దానికే 2025లో జాతీయ క్రీడల పాలన చట్టం వచ్చింది. ఆటకు ఒకే గుర్తింపు, ఇచ్చేది జాతీయ క్రీడల బోర్డు. కార్యవర్గం 15 మందికి మించకూడదు. అందులో పేరున్న ఆటగాళ్లు ఇద్దరైనా, మహిళలు నలుగురైనా ఉండాలి. గొడవలకు ప్రత్యేక ట్రైబ్యునల్. ఆటగాళ్లకు కుర్చీ ఇవ్వడం నాకు బాగా నచ్చింది. కానీ ఇద్దరు చాలరు, ఐదుగురన్నా ఉండాల్సింది.

అడ్డంగా మాట్లాడేవాడు:
ట్రైబ్యునల్ తీర్పు వచ్చేసరికి ఈ పాప డిగ్రీ కూడా అయిపోతుంది సార్.

పాత గోలీ:
ఈ ఒక్క విషయంలో నువ్వు గెలిచావు తమ్ముడూ, నేను రాసి పెట్టుకుంటా. అయినా నా ఓటు ఒకే సంఘానికే. అన్నా, మీ పాప ఎప్పుడైనా స్కూల్ గేమ్స్‌లో ఆడిందా? అవి స్కూలు దారిలో జరిగే పోటీలు, ఈ సంఘాల తగాదాతో సంబంధం ఉండదు. ఆ కాగితం ఉంటే ముందు అది చూపించండి.

సరూర్‌నగర్ నాన్న:
ఆడింది. తొమ్మిదిలో ఉన్నప్పుడు. సర్టిఫికెట్ వాళ్లమ్మ ఏదో బీరువాలో, చీరల కింద పెట్టినట్టు గుర్తు. చూసి చెబుతా.